మా ఇంట్లో ఉంటారు

ఆస్పత్రి కాగితాల్లో 'రోగితో సంబంధం' అని ఒక గడి ఉంటుంది. అమ్మ తుంటి ఎముక విరిగిన రోజున ఆ గడిలో నర్సు 'అద్దెకున్నవారు' అని రాసింది. రాసింది మా గారి గురించి, ఇంట్లో మేము పిలిచే పిలుపే 'గారు'. బాత్రూంలో జారిపడ్డ అమ్మను ఎత్తి, బండిలో వేసుకుని, ఆస్పత్రిలో చేర్చింది గారే. అయినా రక్తసంబంధం ఉన్నవాళ్లు సంతకం పెడితేగాని ఆపరేషను చేయబోమన్నారు. నేను మూడు గంటలు బస్సులో కుదుపులు తిని వచ్చి సంతకం పెట్టేదాకా అమ్మ ఆ నొప్పితోనే పడి ఉంది. గారు బయట వరండాలో బల్ల మీద కూర్చుని ఉన్నారు.

నర్సును ఏమీ అనలేను. గారి పొట్టి జుట్టు చూసింది, వదులు చొక్కా చూసింది, నున్నటి మొహం చూసింది, ఎటూ తేల్చుకోలేక అమ్మనే అడిగింది: "వీరు మీకేమవుతారు, కొడుకా, కూతురా?" అమ్మ నీళ్లు నమిలింది. చివరికి "మా ఇంట్లో ఉంటారు" అంది. ఆ వెంటనే గారి వైపు తిరిగి, "మీరు పొద్దుట్నుంచీ ఏమీ తినలేదు, వెళ్లి టీ తాగి రండి" అంది. కన్నబిడ్డను 'మీరు' అనే తల్లిని ఆ నర్సు ఎక్కడ చూసి ఉంటుంది? అద్దెకున్న మంచి మనిషెవరో సాయం వచ్చారనుకుంది. ఆమె స్థానంలో నేనున్నా అదే అనుకుందును.

సంతకం పెట్టి, అమ్మను లోపలికి తీసుకెళ్లాక, నేను ఒంటికాలి మీద లేచాను. మీరైనా నోరు విప్పి చెప్పొచ్చుగా అని గారి మీద పడ్డాను. గారు నా వైపు చూడలేదు. చేతిలో అమ్మ కళ్లజోడు ఉంది, ఒక కాడ వంగిపోయి, ఒక అద్దం పగిలి. దాన్నే చూస్తూ అన్నారు: "ఆ నర్సు అడిగినవి రెండే. ఆ రెండూ కాదంటే మొదటినుంచీ కథ చెప్పాలి. నాకు ఓపిక లేదు చిన్నదానా."

నాకు ఓపిక ఉందని కాదు, కోపం ఉంది. అందుకని ఆ కథ నేను చెబుతాను.

మా నాన్న అచ్చాఫీసులో ప్రూఫులు దిద్దేవాడు. ఎర్ర సిరా కలం, ఒక పాత నిఘంటువు, వంగిన మెడ, అంతే మనిషి. ఇంట్లో ఉత్తరం వచ్చినా ముందు తప్పులు దిద్ది తర్వాత చదివేవాడు. పెళ్లైన కొత్తలో అమ్మ పుట్టింటి నుంచి రాసిన ఉత్తరాన్ని కూడా దిద్ది తిరిగి పంపాడట. అమ్మ రెండు నెలలు మాట్లాడలేదు. అలాంటి మనిషికి మొదటి బిడ్డ పుట్టినప్పుడు, పురుడు పోసిన నర్సు అలవాటుగా చెప్పే మాట చెప్పలేదు. బిడ్డను వెలుతురులోకి పట్టుకుని చూసి, "కొంచెం ఆగండి" అంది.

డాక్టరమ్మ వచ్చి చూసింది. బిడ్డ ఊపిరి బాగుంది, పాలు తాగుతోంది, ఒంటికి పోస్తోంది, ఏ లోటూ లేదంది. ఆడో మగో మాత్రం చూసి చెప్పలేనంది. ఇలాంటి బిడ్డలు పుడుతూనే ఉంటారని, భయపడవద్దని అంది. మూడో రోజున పెద్ద డాక్టరు వచ్చాడు. చిన్న ఆపరేషనుతో ఆడపిల్లగా సరిచేసేస్తామన్నాడు. ఇప్పుడైతే బిడ్డకు గుర్తు కూడా ఉండదన్నాడు. నాన్న అడిగిన ప్రశ్నలు రెండు. చేయకపోతే ప్రాణానికి ప్రమాదమా? కాదన్నాడు. ఒంటికి పోసుకోవడానికి ఇబ్బందా? కాదన్నాడు.

నాన్న తన వృత్తి నియమం చెప్పాడు. ప్రూఫులో ఒక మాట తప్పో ఒప్పో తేలకపోతే దాన్ని దిద్దకూడదు, పక్కన ప్రశ్నార్థకం పెట్టి రాసినవాళ్లను అడగాలి. పెద్ద డాక్టరుకు విసుగొచ్చింది. రాసినవాళ్లెవరు, దేవుడా అన్నాడు. నాన్న ఉయ్యాలలోకి చూపించి, "వీరే. పెద్దయ్యాక అడుగుదాం" అన్నాడు.

అదిగో, ఆ 'వీరే'తో మొదలైంది.

ఆ రోజుల్లో ఆ జవాబు చెప్పడానికి ఎంత గుండె కావాలో ఇప్పుడు నాకు తెలుసు. ప్రాణం మీదికి వస్తే తప్ప పసిబిడ్డల మీద కత్తి పెట్టకూడదని, పెద్దయ్యాక వాళ్లనే అడగాలని ఇప్పుడు చాలామంది డాక్టర్లు అంటున్నారు. నాన్న వైద్యం చదవలేదు, ప్రూఫులు చదివాడు. ఆ విషయంలో ఆయనకు నేను చేతులెత్తి మొక్కుతాను. తర్వాత చేసిన పనికే నాకు ఒళ్లు మండుతుంది.

ఇంటికి తెచ్చాక మాట్లాడటం ఎలా అన్న చిక్కు వచ్చింది. మన భాషలో ఏ వాక్యం ముగించాలన్నా తేల్చి చెప్పాలి. లేచాడు అంటే మగపిల్లాడు. లేచింది అంటే ఆడపిల్ల. నాన్న ఒక రాత్రంతా ఆలోచించి పొద్దున్నే పరిష్కారం చెప్పాడు. 'లేచారు' అంటే ఎవరైనా కావచ్చు. మర్యాదకు ఆడా మగా తేడా లేదు. కాబట్టి బిడ్డ పెద్దదై తన సంగతి తాను చెప్పేదాకా ఇంటిల్లిపాదీ బిడ్డను మర్యాదగా అనాలి. నోరు జారకుండా ఉండాలంటే ఎదురుగా ఉన్నప్పుడు కూడా మీరు అనే అనాలి. ఆ విధంగా మా ఇంట్లో గారు నిద్ర లేచారు, గారు పాలు తాగారు, గారు పక్క తడిపారు.

పక్కింటివాళ్లకు ఇది వినోదం. పిల్లల్ని ఇలా నెత్తినెక్కించుకుంటే రేపు కాళ్లు పట్టించుకుంటారని అమ్మను ఆటపట్టించేవాళ్లు. బడిలో టీచరు ఏ రాజావారి సంతానమో అనుకుంది. చుట్టాల్లో తెలిసినవాళ్లు మాత్రం గుసగుసలాడుకునేవాళ్లు. ఎవరి పాపమో అనేవాళ్లు, కడుపుతో ఉన్నప్పుడు అమ్మ ఏదో తినకూడనిది తిని ఉంటుందనేవాళ్లు. అమ్మ వింటూ ఉండేది.

గారి తర్వాత ఎనిమిదేళ్లకు నేను పుట్టాను. నన్ను చూస్తూనే ఆడపిల్ల అనేశారు, అంతటితో నా మర్యాద తీరిపోయింది. ఏమే, ఒసేయ్, చిన్నదానా, మొద్దుమొహమా, అన్నీ నాకే. నేనూ నాన్నను వచ్చాడనే అనేదాన్ని, అమ్మను వచ్చిందనే అనేదాన్ని. మా ఇంట్లో 'వచ్చారు' దక్కింది గారికి ఒక్కరికే. నాకు కడుపుమంటగా ఉండేది. ఒకసారి ఇద్దరం కలిసి అల్మరా అద్దం పగలగొట్టాం. నా వీపు విమానం మోత మోగింది. గారితో అమ్మ, "మీరు ఇలా చేయవచ్చా?" అంది, అంతే. నేను మూల కూర్చుని ఏడుస్తుంటే అమ్మే మళ్లీ వచ్చి, ఒళ్లో వేసుకుని, వీపు నిమిరింది. గారు గుమ్మంలో నిలబడి అదంతా చూశారు. తర్వాత నా దగ్గరికొచ్చి, "కొట్టాక ఒళ్లో ఎంతసేపు ఉంచుకుంటుంది?" అని అడిగారు. అప్పుడు నాకు ఆరేళ్లు, ఆ ప్రశ్న ఎందుకో అర్థం కాలేదు. ఇప్పుడు అర్థమవుతోంది.

పదహారో ఏట నాన్న గారిని ఒక పెద్దావిడ డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాడు. ఆవిడ పరీక్షలన్నీ చేయించి, నాన్నను కాస్త పక్కకు జరగమని, నేరుగా గారితోనే మాట్లాడింది. ఆవిడ చెప్పింది గారు నాకు ఎన్నోసార్లు చెప్పారు. కడుపులో మొదటి ఆరేడు వారాలు ప్రతి బిడ్డా ఒక్కలాగే ఉంటుంది. ఆ తర్వాత క్రోమోజోములూ జన్యువులూ కొన్ని కబుర్లు పంపుతాయి, గ్రంథులు హార్మోన్లు తయారుచేస్తాయి, శరీరం ఆ హార్మోన్ల మాట విని ఒక తీరుగా పెరుగుతుంది. ఈ దారిలో ఎక్కడైనా తేడా రావచ్చు. గారి విషయంలో గ్రంథులు మగవాళ్ల గ్రంథులే, హార్మోను బాగానే తయారైంది, కాని శరీరం దాని మాట సగమే విన్నది. అందుకే పైకి ఆ తీరూ కాదు, ఈ తీరూ కాదు. లోపల గర్భసంచి లేదు. పిల్లలు పుట్టే అవకాశం దాదాపు లేదు. లోపలి గ్రంథుల్ని ఏడాదికోసారి చూపించుకుంటూ ఉండాలి. మిగతాదంతా ఆరోగ్యమే.

ఇలాంటి తేడాలు చాలా రకాలని ఆవిడ అందట. కొన్ని పుట్టగానే కనబడతాయి, కొన్ని ఈడొచ్చే వయసులో బయటపడతాయి, కొంతమందికి ఇంకేదో జబ్బుకు స్కాను తీస్తే తెలుస్తుంది, కొంతమంది తెలియకుండానే బతికి వెళ్లిపోతారు. ఎవరి పాపమూ కాదు, తల్లి తిన్నదానివల్లా కాదు. మనసు ఏమిటి, ఎవరి మీద మనసు పడతారు అన్నవి ఏ పరీక్షా చెప్పదు, ఆ మనిషే చెప్పాలి అంది. అప్పుడు నాన్న కుర్చీ దగ్గరకు లాక్కుని, పదహారేళ్లుగా దాచుకున్న ప్రశ్న అడిగాడు. "ఏం రాయమంటారు?"

గారు చాలాసేపు ఆలోచించి, "అలాగే ఉండనీ నాన్నా" అన్నారు.

ప్రూఫుల్లో పొరపాటున కొట్టేసిన మాటను మళ్లీ ఉంచాలంటే దాని కింద చుక్కలు పెడతారు. నాన్న ఆ మందుల చీటీ అంచున 'గారు' అని రాసి, కింద నాలుగు చుక్కలు పెట్టి జేబులో పెట్టుకున్నాడు. ఆయన పోయాక పాత నిఘంటువులో దొరికింది ఆ చీటీ. కనుక ఆ సంగతి ఆ రోజే తేలిపోయింది. ఎటూ తేలని మనిషని గారి గురించి ఎవరైనా అంటే నాకు చిర్రెత్తుకొస్తుంది. గారు పదహారో ఏటే తేల్చేశారు. తేలనిది మిగతావాళ్లకు. కాగితాల్లో ఏముందని మీరు అడగబోతున్నారని తెలుసు. బడిలో చేర్చిన రోజున గుమాస్తాకు ఏది తోస్తే అది రాశాడు. ఏది రాశాడో చెప్పను.

చదువయ్యాక గారు కళ్లజోళ్ల దుకాణంలో చేరారు. ఇరవై తొమ్మిదేళ్లుగా అక్కడే. అద్దం మధ్యలో సిరాతో చుక్క పెట్టుకుని, నీళ్లు చుక్కచుక్కగా పడే సానరాయి మీద దాని అంచు అరగదీసి, ఫ్రేమును వేడి ఇసుకలో మెత్తబరిచి అద్దం ఎక్కిస్తారు. గారు ఎక్కించిన అద్దం ఊడిందని ఎవరూ తిరిగి రాలేదు. దుకాణంలో గారి పని సుఖమే, ఎందుకంటే అక్కడ అందరూ అందర్నీ గారూ అనే పిలుస్తారు. దుకాణం బయటే అలసట అంతా. బస్సులో ఆడవాళ్ల సీటులో కూర్చుంటే ఒక చూపు, మగవాళ్ల పక్కన కూర్చుంటే ఇంకో చూపు. అందుకని ఖాళీ ఉన్నా నిలబడే వెళతారు. ఎక్కడికెళ్లినా మరుగుదొడ్లకు తలుపులు రెండే. అందుకని బయటికి వెళ్లే రోజున పొద్దున్నే ఒక గ్లాసు నీళ్లు తాగి, మళ్లీ ఇంటికొచ్చేదాకా నోరు తడుపుకోరు. రెండుసార్లు మూత్రపిండాల్లో రాళ్లు వచ్చాయి. ఎలా ఉన్నారని ఎవరడిగినా, "బాగానే ఉన్నాను" అంటారు. రోజంతా నిలబడి వచ్చాక అమ్మ, "అలిసిపోయారా?" అని అడిగేది. "లేదమ్మా" అనేవారు. మర్యాదగా అడిగినవాళ్లకు మర్యాదగానే చెప్పాలి కదా.

ఆపరేషను బాగా జరిగింది. మర్నాడు మధ్యాహ్నం అమ్మకు నొప్పి కాస్త తగ్గాక, నా కడుపులో ఉన్నదంతా కక్కేశాను. కాగితంలో ఏమని రాశారో తెలుసా అని అడిగాను. అమ్మకు తెలియదు. మత్తుడాక్టరు రాలేదేమో, అందుకే ఆలస్యమైందేమో అనుకుందట. అద్దెకున్నవారని రాశారని చెబితే కాసేపు దుప్పటి అంచు మడత పెట్టింది, విప్పింది.

"నేనేమన్నాను?" అంది.

"మా ఇంట్లో ఉంటారన్నావు."

"ఉంటారుగా మరి" అంది. అని, ఏడ్చింది. అమ్మ ఏడుపు నేను నాన్న పోయినప్పుడు చూశాను, మళ్లీ ఆ రోజు చూశాను.

అప్పుడు చెప్పింది. గారికి మూడేళ్లప్పుడు జ్వరం నూటనాలుగు దాటితే, భయంలో "నా తల్లీ, నా తండ్రీ" అని రెండూ అనేసిందట. పక్కనున్న నాన్న, ఏదో ఒకటి నోట్లో నాటుకుపోతుంది జాగ్రత్త అన్నాడట. అప్పట్నుంచీ నోరు కుట్టేసుకున్నానంది. ఏ మాట అన్నా బిడ్డకు అన్యాయం చేసినదాన్నవుతానని భయం. దగ్గరికి తీసుకుంటే ఆ మాటలే నోట్లోకి వస్తాయని, దగ్గరికి తీసుకోవడం కూడా మానేసిందట.

"కనీసం 'నువ్వు' అని పిలవకపోయావా" అన్నాను.

"'నువ్వు' అని పిలిస్తే ఎలాగే, మళ్లీ ఆడో మగో..." అని ఆగిపోయింది.

నేనూ ఆగిపోయాను. నేను బడిలో లెక్కలు చెబుతాను, వ్యాకరణం నా పని కాదు. అయినా ఆ క్షణంలో నా బుర్రకు తట్టింది. అమ్మ నాతో నువ్వు వచ్చావా అంటుంది. మా ఆయనతో వచ్చావా నాయనా అంటుంది. ఇద్దరికీ అదే 'వచ్చావు'. ఒరేయ్‌లో మగ ఉంది, ఒసేయ్‌లో ఆడ ఉంది, 'నువ్వు'లో ఏముంది? అమ్మ పెదవులు కదుపుతూ ఒక్కో మాటా పరీక్షించుకుంది. నువ్వు వచ్చావు. నువ్వు తిన్నావు. నువ్వు పడుకో. రాళ్లు ఏరేటప్పుడు చూసినట్టు ప్రతి మాటలోనూ వెతికింది. ఎక్కడా ఏమీ దొరకలేదు.

"మీ నాన్నకు తట్టలేదా?" అంది.

తట్టలేదు. గారి గురించి ఇంకొకరితో చెప్పేటప్పుడు కావలసిన జాగ్రత్తను, గారితో మాట్లాడేటప్పుడు కూడా పెట్టాడు. అక్కడ అది అక్కర్లేదు. జీవితమంతా ఊళ్లోవాళ్ల తప్పులు పట్టిన మనిషి ఇంట్లో ఈ ఒక్కటి వదిలేశాడు, మేము యాభై ఒక్క ఏళ్లు దాన్నే చదువుకున్నాం. నాన్న మీద కోప్పడదామంటే ఆయన లేడు. నాకూ ఓపిక అయిపోయింది. మంచం పక్కనున్న స్టూలు మీద కూలబడ్డాను.

సాయంత్రం నర్సు వచ్చినప్పుడు అమ్మ ఆ కాగితం తెమ్మంది. 'బిడ్డ' అని రాయమంది. నర్సు కలం పట్టుకుని, కొడుకనా, కూతురనా అని మళ్లీ అడిగింది.

"నేను కన్నాను" అంది అమ్మ. "అంతకంటే మీకేం కావాలి?"

నర్సు అమ్మ మొహం చూసి రాసేసింది. ఆమెకూ ఇంకా పన్నెండు మంచాలు చూడాల్సి ఉంది.

ఐదింటికి గారు దుకాణం నుంచి వచ్చారు. బాగుచేసిన కళ్లజోడు తెచ్చారు. నిలబడి వచ్చిన మనిషి మొహం ఎలా ఉంటుందో అలా ఉంది మొహం. కాగితం సంగతి నేను చెప్పలేదు, అమ్మా చెప్పలేదు. గారు రాకముందే, ఇన్నేళ్లకు ఇప్పుడు 'నువ్వు' అంటే వారేమనుకుంటారో అని అమ్మ నాతో గొణిగింది. సొంత బిడ్డ ముందు అంత సిగ్గుపడే తల్లిని నేను చూడలేదు. ఒక్క చిన్న మాట అమ్మ నోట్లోంచి వస్తుందా రాదా అని ఎదురుచూసినంతగా నేను పరీక్ష ఫలితాలకు కూడా ఎదురుచూడలేదు.

గారు వంగి అమ్మకు కళ్లజోడు పెట్టారు. ముక్కు మీద ఎలా కూర్చుందో చూశారు, తీసి ఒక కాడను బొటనవేలితో కాస్త వంచారు, మళ్లీ పెట్టారు. చెవి వెనక వేలు పోనిచ్చి గుచ్చుకుంటోందా అని అడిగారు. అమ్మ కొత్త అద్దాల్లోంచి జానెడు దూరంలో ఉన్న ఆ మొహాన్ని చూస్తోంది.

"నువ్వు చిక్కిపోయావు" అంది.

గారి చేయి అమ్మ చెవి దగ్గరే ఆగిపోయింది. తప్పు విన్నారేమోనని నా వైపు చూశారు. నేను కిటికీ వైపు తిరిగాను.

"అలిసిపోయావా?" అంది అమ్మ.

గారు మంచం అంచున కూర్చున్నారు. అమ్మ మంచం మీద గారు కూర్చోవడం నేను ఎప్పుడూ చూడలేదు.

"అవునమ్మా" అన్నారు. "చాలా అలిసిపోయాను."